మూతల మేడమ్

ఆ పేరు పెట్టింది విద్యార్థులు. వైద్య కళాశాలలో ప్రజారోగ్య శాఖలో చేరిన కొత్తలో ఆవిడ రాసిన పరిశోధన వ్యాసం నీళ్ల డ్రమ్ముల మూతల గురించి. ఆ తర్వాత దోమల మీద రాసింది, బడిపిల్లల కంటిచూపు మీద రాసింది, వార్డుల్లో చేతులు కడుక్కునే అలవాటు మీద చిన్న పుస్తకమే వేసింది. అవేవీ జనం నోట నిలవలేదు. వరండాలో ఎదురుపడితే చాలు, "మూతల మేడమ్ వస్తున్నారు" అని పిల్లలు పక్కకు తప్పుకునేవాళ్లు. మొదట్లో చిరాకు పడింది. పోనుపోను ఆ పేరు చెవిన పడితే లోపలెక్కడో చిన్న గర్వం కదిలేది.

గర్వపడటానికి కారణం ఉంది. ఆ వ్యాసం కోసం ఆవిడ కాళ్లరిగేలా తిరిగింది. కాలువ పక్క కాలనీలో నాలుగు వందల పన్నెండు ఇళ్లు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, అదీ ఒక గంటసేపు. అందుకని ప్రతి వంటింట్లోనూ మూలన ఒక డ్రమ్ము ఉండేది. ఆవిడ ఆ ఇళ్లను మూడు జట్లు చేసింది. ఒక జట్టుకు బిగుతైన మూతలిచ్చింది. రెండో జట్టుకు మూతతో పాటు, చెయ్యి తడవకుండా నీళ్లు ముంచుకునే పొడుగు పిడి గరిటె కూడా ఇచ్చింది. మూడో జట్టుకు అన్నీ చివర్లో ఇస్తానని చెప్పి, మాట నిలబెట్టుకుంది. ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు గడపగడపకూ వెళ్లి, ఐదేళ్ల లోపు పిల్లలకు విరేచనాలు ఎన్నిసార్లయ్యాయో తల్లుల్ని అడిగి రాసుకుంది. ఒకసారి కుక్క పిక్క పట్టుకుంటే, సూది మందు వేయించుకుని మర్నాడు మళ్లీ అదే వీధికి వెళ్లింది.

చివరికి లెక్క తేలింది. మూత, గరిటె రెండూ ఉన్న ఇళ్లలో పిల్లల విరేచనాలు సగానికి సగం తగ్గాయి. మూత ఒక్కటే ఉన్న ఇళ్లలో తగ్గీ తగ్గనట్టున్నాయి.

వ్యాసం పూర్తయ్యాక దాన్ని వేసే పరిశోధన పత్రిక వాళ్ల నిబంధన ఒకటి అడ్డొచ్చింది. పైన వేసే సారాంశం రెండు వందల మాటలు దాటకూడదు. ఆవిడది ఏడు మాటలు ఎక్కువైంది. ఒక మధ్యాహ్నమంతా ఆ కాగితం ముందు కూర్చుని, అటు తీసి ఇటు పెట్టి, ఎక్కడా తెగక, ఆఖరికి ఒక వాక్యంలోంచి "పొడుగు పిడి గరిటె కూడా వాడిన ఇళ్లలో మాత్రమే" అన్న ముక్కను కొట్టేసింది. సరిగ్గా ఏడు. ఎలాగూ లోపల నాలుగో పట్టికలో ఉంది కదా, చదివేవాళ్లు చదువుకుంటారు అనుకుంది.

చదివేవాళ్లు చదవలేదు. మూత పెడితే పిల్లల విరేచనాలు సగం తగ్గుతాయన్న మాట మాత్రం రెక్కలొచ్చినట్టు ఎగిరిపోయింది. ఆ వ్యాసాన్ని ఉటంకిస్తూ వందల వ్యాసాలు వచ్చాయి, తర్వాత వేలయ్యాయి. పాఠ్యపుస్తకంలో ఒక పేరా అయింది, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అయింది. మూతలు లారీల్లో పంచారు. సభలకు పిలిచినప్పుడు మొదట్లో ఆవిడ గరిటె సంగతి చెప్పేది. "టైము లేదు మేడమ్, క్లుప్తంగా" అనేవాళ్లు నిర్వాహకులు. నాలుగైదు సభలయ్యాక ఆవిడ నోటి నుంచి కూడా గరిటె జారిపోయింది. ఎప్పుడు జారిందో తనకే గుర్తు లేదు.

ఇరవై ఆరేళ్ల తర్వాత, శాఖకు ఒక ఉత్తరం వచ్చింది. ఊరి చివర ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సు రాసింది. చేత్తో గీతలు గీసిన రిజిస్టరు పేజీలు జత చేసి ఉన్నాయి.

"మేడమ్, మా పరిధిలో ప్రతి ఇంటికీ మూత అందింది. నేనే దగ్గరుండి ఇప్పించాను. నాలుగేళ్ల లెక్క పంపుతున్నాను. పిల్లల విరేచనాలు తగ్గలేదు. తప్పు నా లెక్కలో ఉందా, మీ లెక్కలో ఉందా? చెబితే సరిదిద్దుకుంటాను."

ఆ ఆఖరి ప్రశ్న ఆవిడకు మింగుడు పడలేదు. ఉత్తరం సంచిలో పెట్టుకుని ఇంటికెళ్లి అక్క చేతికిచ్చింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. అక్క బళ్లో ముప్పై ఐదేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎవరి కాగితం చేతికొచ్చినా ముందు కూడికలు సరిచూస్తుంది.

"ఎంత ధైర్యమో చూడు, నా లెక్క తప్పా అంటోంది" అంది చెల్లెలు.

అక్క కళ్లజోడు సర్దుకుని పేజీలన్నీ తిరగేసింది. "తన లెక్క తప్పా అని కూడా అడిగిందే. కూడికలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నా శిష్యురాలైతే పదికి పది వేసేదాన్ని."

"అంటే నాది తప్పంటావా?"

"నాకేం తెలుసు? వెళ్లి చూసిరా. పిల్లి ఎదురైందా కుక్క కరిచిందా అని చూడకుండా తిరిగినదానివి, ఇప్పుడు బస్సెక్కడానికి ఇంత ఆలోచనా?"

ఆ వారమే వెళ్లింది. నర్సుకు నలభై ఏళ్లుంటాయి. గబగబా నడిచే మనిషి. ఆవిడను చూసి కాస్త బెదిరింది గానీ, మర్యాదలతో పొద్దుపుచ్చకుండా నేరుగా పక్క వీధిలో ఒక ఇంటికి తీసుకెళ్లింది. ఇల్లాలు లోపలికి పిలిచి, మంచినీళ్లిస్తానని వంటింట్లోకి వెళ్లింది. మూలన డ్రమ్ము. దానిమీద బిగుతుగా మూత. ఇల్లాలు మూత తీసి నేలమీద బోర్లా పెట్టింది. గ్లాసు పట్టుకుని మణికట్టు దాకా చెయ్యి నీళ్లలో ముంచింది. తర్వాత నేలమీది మూత తీసి మళ్లీ జాగ్రత్తగా బిగించింది.

ఆవిడ గ్లాసు అందుకుంది గానీ తాగడం మరిచిపోయింది.

"గరిటె లేదామ్మా?"

"గరిటె ఎందుకండీ? మూతుంటే చాలని చెప్పారుగా. సిస్టరుగారే చెప్పారు."

నర్సు తల వంచుకుంది. వీధిలోకి వచ్చాక అడిగింది, "గరిటె ఏంటి మేడమ్?"

"వ్యాసంలో ఉంది. నాలుగో పట్టిక."

"నేను చదివింది పైన ఉండే ఆ ఒక్క పేరానే మేడమ్. ఇంటర్నెట్‌లో మిగతాది డబ్బు కట్టందే మాకు తెరుచుకోదు. పెద్ద లైబ్రరీల్లోనే తెరుచుకుంటుందట. మా అధికారికీ అంతే. మాకు పంచే ఆరోగ్య బుక్‌లెట్ రాసినవాళ్లూ ఆ పేరానే చూసి ఉంటారు."

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. సారాంశం తప్ప మరేదీ చేతికందని మనుషులు ఉంటారని, తన వ్యాసం అసలు రాసిందే వాళ్ల కోసమని, ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. బస్సు వచ్చేదాకా ఆ ఏడు మాటల సంగతి నర్సుకు చెప్పలేదు. బస్సు మలుపు తిరుగుతూ కనిపించాక చెప్పింది.

"మీ లెక్క తప్పు కాదు. నా లెక్కా తప్పు కాదు. మధ్యలో నేనే ఒక ముక్క కోసేశాను."

నర్సు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఆవిడకు. "నాలుగేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి చెప్పాను మేడమ్" అని మాత్రం అంది.

ఇంట్లో అక్క అంతా విని, "సరే. ఇప్పుడు ఏం చేస్తావు?" అంది.

"మళ్లీ లెక్కపెడతాను."

శాఖాధిపతికి ఇది నచ్చలేదు. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. "మేడమ్, మన శాఖకు పేరు తెచ్చిన వ్యాసం అది. మీరే దాన్ని తవ్వుకుంటే ఎలా? రెండేళ్లలో రిటైరవుతున్నారు, హాయిగా ఉండక" అన్నాడు.

"హాయిగా లేకే కదయ్యా" అని లేచి వచ్చేసింది.

నర్సు పరిధిలోని రెండు వందల అరవై ఇళ్లలో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఆవిడ మోకాళ్లు సహకరించలేదు. మెట్లున్న ఇళ్లకు నర్సు వెళ్లేది, నేలమట్టం ఇళ్లకు ఆవిడ వెళ్లేది. లెక్కలు సరిచూసే పని అక్క తన మీద వేసుకుంది. అడక్కుండానే వేసుకుంది. పద్నాలుగు నెలల తర్వాత పాత సమాధానమే వచ్చింది. గరిటె ఉంటే తగ్గుతాయి, ఉత్త మూతతో తగ్గవు.

వ్యాసం రాసి మొదటి పేరుగా నర్సు పేరు పెట్టింది. నర్సు వద్దంది. "ప్రశ్న ఎవరిది?" అని అడిగి, ఆ పేరు అలాగే ఉంచేసింది. రాసిందెవరో సమీక్షకుడికి తెలియకుండా పేర్లు దాచి పంపడం ఆ పత్రిక పద్ధతి. మూడు నెలలకు జవాబు వచ్చింది. వేసుకోలేమన్నారు. సమీక్షకుడి మాటలు కింద జతచేశారు. "రచయితలు ఈ రంగానికి కొత్తవారిలా ఉన్నారు. మూతల వల్ల విరేచనాలు సగం తగ్గుతాయని ఎప్పుడో రుజువైంది" అంటూ, ముందు ఫలానా వ్యాసం చదువుకుని రమ్మని సలహా ఇచ్చాడు. ఆ ఫలానా వ్యాసం ఆవిడదే.

అక్క అది పైకి చదువుతూ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. "వెళ్లి చదువుకోవే. పెద్దవాళ్లు ఏం రాశారో తెలుసుకోకుండా రాస్తే ఎలా?"

ఆవిడకూ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఒక ఆలోచన వచ్చింది. ఆ సమీక్షకుడు తన విద్యార్థుల్లో ఒకడైనా కావచ్చు. రెండు మార్కుల ప్రశ్నకు సరైన జవాబు రాసినవాడే కావచ్చు.

రెండో పత్రిక వేసుకుంది, అదీ వెనక పేజీల్లో. ఈసారి ఎవరైనా తెరిచి చదువుకునేలా వేయించింది. పాత పత్రికకు సవరణ వేయమని రాసింది. "పట్టికలో తప్పేమీ లేదు, సవరించేదేముంది" అన్నారు. తొమ్మిది ఉత్తరాల తర్వాత రెండు వరుసల గమనిక ఒకటి వేశారు. ఇప్పటికీ పాత వ్యాసాన్ని ఉటంకించేవాళ్లే ఎక్కువ. కొత్తదాన్ని ముప్పై మంది లోపే ఉటంకించారు. కానీ ఆ ముప్పైలో బుక్‌లెట్ రాసేవాళ్లు ఒకరున్నారు. ఆవిడ రిటైరైన ఏడాదికి ఆ బుక్‌లెట్ కొత్త ముద్రణలో మూత పక్కన గరిటె బొమ్మ వచ్చింది.

అదే ఏడాది ఒక సభలో మాట్లాడటానికి నర్సును పిలిచారు. ఆవిడ వెనక వరుసలో కూర్చుంది. నర్సు కాగితం చూడకుండా, వీధిలో చెప్పినట్టే చెప్పింది. అయ్యాక ఒక యువ డాక్టరు లేచి, "కానీ ఫలానా అధ్యయనం ప్రకారం మూత ఒక్కటే చాలు కదండీ" అన్నాడు.

"అది రాసినవారు వెనక కూర్చున్నారు. వారినే అడగండి" అంది నర్సు.

అందరూ తిరిగి చూశారు. ఆవిడ కుర్చీ పట్టుకుని లేచింది. "బాబూ, దాని సారాంశంలో ఏడు మాటలు తక్కువ. కోసింది నేనే. ఆ ముక్కను సభల్లో చెప్పడం మానేసింది కూడా నేనే. మీరు నాలుగో పట్టిక చూడండి" అని కూర్చుంది. తర్వాత యువ డాక్టరు పుస్తకంలో ఏదో రాసుకోవడం కనిపించింది.

తిరుగు బస్సులో నర్సు కిటికీ పక్కన కూర్చుని, ఏదో మనసులో పెట్టుకున్నట్టు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది.

"ఏమిటి?" అందావిడ.

"గరిటెలన్నీ మేకుకి తగిలిస్తున్నారు మేడమ్, పెద్దవాళ్లకి అందేంత ఎత్తులో. పిల్లలకి అందక మళ్లీ చెయ్యే ముంచుతున్నారు. పోయిన వారం పదకొండు ఇళ్లు చూశాను. ఎనిమిదింట్లో అంతే."

"మేకు ఎంత ఎత్తులో ఉందో కొలిచారా?"

"టేపు తేలేదు."

ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి వెతికింది. టేపు లేదు, స్కేలు ఉంది. తన స్టాపుకి రెండు స్టాపుల ముందే దిగి, నర్సు చెయ్యి పట్టుకుని మెల్లగా ఆ ఇళ్లున్న వీధిలోకి నడిచింది.