చిరుతకు సిమెంటు గుట్ట

ఈ రోజు బెంగళూరులో జూ చూడడానికి వెళ్లాను. చిరుత ఆవరణ ముందు ఒకాయన చాలాసేపటి నుంచి కదలకుండా నిలబడి ఉన్నాడు. ఈ నగరంలోనే బొమ్మనహళ్ళిలో కూలి పని చేస్తాడట. ఆ చిరుత వాళ్ల సొంతూళ్లో బోనులో పడిందే. చిరిగిన చెవిని చూసి గుర్తుపట్టాడు.

“మేకల్ని తింటా ఉండాదని మేమే పట్టించినాం అప్పా. గుట్టంతా క్వారీవోళ్లు పగలగొట్టినాక అదైనా యాడికి పోతాది?”

“మరి మీ మేకలు?”

“గుట్టే లేకపోతే మేత యాడుండాది? అమ్మేసి నేనూ ఈడికే వచ్చినా. దానికైతే వేళకు తిండి పెడతాండారు.”

చిరుత ఎక్కి కూర్చోవడానికి ఆవరణలో సిమెంటు గుట్ట కట్టి, ‘సహజ ఆవాసం’ అని బోర్డు పెట్టారు. ప్రశ్నలు అడగడమే నా వృత్తి. అయినా ఆ సిమెంటులో కలిపిన కంకర ఏ ఊరి గుట్టదో అడగలేకపోయాను. మీలో ఎవరైనా వెళ్తే అడిగి చెప్పండి.