లైటు కొరికి పట్టుకున్నంతసేపు

పదవీ విరమణకు ముందు చివరి ఏళ్లలో నేను సూర్యాపేటలో పళ్ల వరుస సరిచేసే డాక్టరుగా ఉంటూ, వారానికోసారి కోదాడ, మిర్యాలగూడ క్లినిక్కులకు కూడా వెళ్లేవాణ్ణి. కాంతి చికిత్స మా ప్రాంతానికి అప్పుడే వచ్చింది. క్లిప్పులు వేసుకున్నవాళ్లు రోజూ కొద్ది నిమిషాలు ఒక చిన్న పరికరాన్ని కొరికి పట్టుకోవాలి. అందులోంచి పరారుణ కాంతి చిగుళ్ల మీద పడుతుంది. దాంతో ఎముకలోని కణాలు చురుకై పళ్లు త్వరగా జరుగుతాయని తయారీదారులు చెప్పేవారు. పరిశోధకుల్లో మాత్రం ఏకాభిప్రాయం లేదు.

వేములపల్లి నుంచి సుజాత అనే టీచరు మిర్యాలగూడ క్లినిక్కుకు వచ్చేది. ఆమె ముందు పళ్లు వెనక్కి రావాలి, దవడ పళ్లు కదలకూడదు. అందుకని ముందు చిగుళ్ల మీదే కాంతి పడేలా పరికరం అమర్చాను. ఫలితం ఉంటుందని మాట ఇవ్వలేనని ముందే చెప్పాను. ఆమె ఒప్పుకుంది.

కొన్ని నెలల తర్వాత కొలతలు తీశాను. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య సందు మూసుకుంటోంది, కానీ ఒట్టి క్లిప్పులతో మూసుకునే వేగంతోనే. ఇక ఆ లైటు మానేయవచ్చన్నాను. సుజాత ముఖం చిన్నబోయింది.

"ఇంకొన్ని రోజులు ఉంచుకుంట సార్. నష్టమేం లేదు గద?"

ఎందుకని అడిగితే చెప్పింది. ఆమె భర్త యాదగిరి రైస్ మిల్లులో లారీ డ్రైవరు. తల్లి పోయినప్పటి నుంచి ఇంట్లో మాట్లాడడమే మానేశాడు.

"నేనేమో ఊకోక ఏదో ఒకటి అడుగుకుంటనే ఉంటి. ఇది నోట్ల పెట్టుకున్నంక మాట్లాడరాదు గద. ఒకనాడు వచ్చి పక్కన కూసున్నడు. వాళ్లమ్మ జొన్నరొట్టె అంచులు కావాలనే మాడగొట్టేదట, ఈయనకు గట్లనే ఇష్టమని. అది చెప్పిండు సార్. ఇగ అప్పటిసంది రోజూ ఏదో ఒకటి చెప్తుండు."

పళ్లకు లాభం లేని పరికరాన్ని కొనసాగించమనడం మా వృత్తిలో సరికాదు. కానీ దానివల్ల హానీ లేదు. ఉంచుకోమన్నాను.

క్లిప్పులు తీసిన రోజు యాదగిరి కూడా వచ్చాడు. భార్య అద్దంలో పళ్లు చూసుకుంటుంటే అతను నన్ను అడిగాడు: "ఆ లైటు ఇగ పెట్టుకునుడు అవసరం లేదా సార్?"

లేదన్నాను. అతను తల దించుకున్నాడు.

సుజాత అద్దం పక్కన పెట్టింది. "నువ్వు చెప్పు. లైటు లేకున్నా నేను ఊకుండి వింట," అంది.

మెట్లు దిగుతూ అతను ఆమెకు ఏదో చెబుతూనే ఉన్నాడు.

ఆ కాంతి పళ్లను త్వరగా జరిపిందని నేను ఇప్పటికీ చెప్పలేను. అయితే ఒక చికిత్సను ఆపమనే ముందు, అది ఆ ఇంట్లో ఇంకేం చేస్తోందో అడగాలని అప్పుడు నేర్చుకున్నాను. విరమణ దాకా అడుగుతూనే ఉన్నాను.