తీగలు ఊడదీసిన దీపం

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. మీటరు చూపించిందే నమ్మే ఉద్యోగం నాది. న్యూ టౌన్‌లో ఉంటాను, సోలార్ పలకలు, బ్యాటరీలు బిగిస్తాను. అందుకే ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పోయినేడాది సరస్వతి ఆంటీ పిలిచారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మా ఊళ్లోనే ఏక్‌బాల్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబం. ఆవిడ భర్త ఓడల్లో ఇంజనీరు. రిటైరయ్యాక తెరచాప పడవ కొన్నారు. ఇద్దరూ అండమాన్ వెళ్లాలని సిద్ధమవుతుండగా ఆయన గుండెపోటుతో పోయారు. తమ్ముడిని తోడు తీసుకుని ఆ ప్రయాణం తానే చేస్తానన్నారు ఆంటీ. నడిసముద్రంలో కరెంటు పోతే రేడియో, దారి చూపే పరికరాలు అన్నీ ఆగిపోతాయి. పాత బ్యాటరీలు తీసేసి లిథియంవి పెట్టమన్నారు.

పడవ హుగ్లీ నదిలో ఒక జెట్టీకి కట్టి ఉంది. మిట్టమధ్యాహ్నం. చెప్పులు పైన విడిచి ఆంటీ వెంట లోపలికి దిగాను. సోలార్ తీగలు విప్పాను. గాలిమర రెక్కలు కట్టేశాను. ఒడ్డు నుంచి వచ్చే కేబులు పీకేశాను. కూలీలు పాత బ్యాటరీలను జెట్టీ మీదికి చేర్చారు. ఇక ఆ పడవలోకి కరెంటు వచ్చే దారే లేదు.

అప్పుడు మ్యాపులు పరిచే బల్ల మీది దీపం వెలిగింది.

మీటరు పెట్టాను. సున్నా. ఎక్కడో కాస్త ఛార్జి మిగిలిందేమోనని దీపానికి వెళ్లే రెండు తీగలూ ఊడదీశాను. వెలుగుతూనే ఉంది, పసుప్పచ్చగా, నిలకడగా.

ఎదురుగా కూర్చున్న ఆంటీ కంగారు పడలేదు. "ఏటమ్మా, భయపడిపోయావేటి? ఆయనే. ఈ టైముకి మ్యాపులు చూసుకుంటారు, అంతే," అన్నారు.

పరిగెత్తాను. జెట్టీ దిగుతూ బురదలో బోర్లా పడ్డాను. కూలీల ముందే ఏడ్చాను.

కాసేపటికి ఆంటీ నా చెప్పులు చేత్తో పట్టుకొచ్చి నా కాళ్ల దగ్గర పెట్టారు. "ముందే చెప్పాల్సింది. నాదే తప్పు," అన్నారు. ఆవిడ భర్తను చూసి నేను జడుసుకుంటే, ఆవిడ నాకు క్షమాపణ చెబుతున్నారు. తలెత్తలేకపోయాను.

మర్నాడు ఆఫీసు నుంచి ఇంకొకర్ని తోడు తెచ్చుకుని పని పూర్తిచేశాను. ఆ దీపాన్ని పూర్తిగా విప్పి చూశాం. మామూలు బల్బు, మామూలు హోల్డరు. అది ఎలా వెలిగిందో ఇప్పటికీ చెప్పలేను.

చలికాలంలో వాళ్లు అండమాన్ చేరారు. బ్యాటరీలు బాగా పనిచేస్తున్నాయని ఆంటీ ఫోన్ చేశారు. అంకుల్ సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఫోన్ పెట్టేసే ముందు ఆవిడే, "ఇంకేటైనా అడగాలేటమ్మా?" అన్నారు. అడుగుతాననే అనుకున్నారేమో.