మందమర్రి లింగయ్య కొన్న పొయ్యి

షాపులో పొయ్యిలన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. లింగయ్య వాటిని అంగట్లో ఎద్దుల్ని చూసినట్టు చూశాడు. ఒక్కోదాని తలుపు తెరిచి లోపల తల పెట్టాడు. వేలి కణుపుతో ఇటుకల్ని కొట్టి చప్పుడు విన్నాడు. గాలి వచ్చే సందుకి అడ్డంగా ఉన్న రేకుని ముందుకీ వెనక్కీ జరిపాడు. వెలిగించి చూపించడానికి పెట్టిన నాలుగో పొయ్యిలోంచి తల బయటికి తీసేసరికి ముక్కు కొస మసిబారింది. ఆ సంగతి షాపులో అందరికీ తెలిసింది, లింగయ్యకి తప్ప.

"గిరిజా, ఇది గట్టిది," అన్నాడు భార్యతో.

"గట్టిదో మెత్తదో, ముక్కు తుడుచుకో," అంది గిరిజ.

అది 2006 ఏప్రిల్. సౌత్ ఐలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌కి దక్షిణాన కారులో రెండు గంటల దూరంలో ఉన్న చిన్న ఊరు వాళ్లది. చుట్టూ కొండలు. చలికాలంలో ఊరి పొగ ఎటూ పోలేక, కుండ మీద మూకుడు బోర్లించినట్టు ఊరి మీదే కూర్చునేది. పిల్లలూ ముసలివాళ్లూ దగ్గేవారు. అందుకని కౌన్సిల్ కొత్త నిబంధన పెట్టింది. పాత పొయ్యిలన్నీ తీసేయాలి. జాబితాలో ఉన్న పొయ్యిలే పెట్టుకోవాలి. వెలిగించిన కాసేపు తప్ప పొగగొట్టంలోంచి పొగ కనబడకూడదు. ఆ ఉత్తరం లింగయ్య ఇంటికీ వచ్చింది.

గిరిజకి అసలు పొయ్యే వద్దు. ఆమె వృద్ధుల హోమ్‌లో కేర్‌గివర్. అక్కడ గోడకి హీట్ పంప్ ఉంది. మీట నొక్కితే వెచ్చటి గాలి, మళ్లీ నొక్కితే నిశ్శబ్దం.

"నేను పన్నెండేండ్లు మా అవ్వగారింట్ల గొట్టం ఊదిన. నా కండ్లల్ల నీళ్లన్నీ ఆ పొయ్యికే పోసిన. ఇగ నాతోటి కాదు," అని ఉత్తరం వచ్చిన రోజే చెప్పేసింది.

"మిషిన్ల నుంచి వచ్చేది వేడి గాదే, ఉత్త గాలి. ఇంట్ల నిప్పు ఉండాలె," అన్నాడు లింగయ్య.

వాదన వారం నడిచింది. చివరికి గిరిజ ఒక మెట్టు దిగింది. దిగింది గానీ, ఉత్తగా దిగలేదు.

"సరే, కొను. ఒక్క చలికాలం చూస్త. ఒక్కటంటే ఒక్క కంప్లైంట్ వచ్చిందనుకో, నీ పొయ్యి బయటికి, హీట్ పంప్ లోపలికి."

"వస్తే నా చేతుల్తోటి నేనే మోసి బయట పెడ్త. సరేనా?"

"సరే. శరణ్య సాక్ష్యం."

పద్నాలుగేళ్ల కూతురు శరణ్య సోఫాలో దుప్పటి కప్పుకుని చెవుల్లో పాటలు పెట్టుకుని ఉంది. తలెత్తకుండా "వాటెవర్," అంది. అలా పందెం కుదిరింది.

లింగయ్యకి నిప్పు మీద ఇంత మోజెందుకో చెప్పాలంటే మందమర్రి పోవాలి. తండ్రి సింగరేణి కార్మికుడు. కాలనీలో అందరి ఇళ్లలోనూ బొగ్గుల పొయ్యే. లింగయ్య తల్లి భాగ్యమ్మ రాత్రి పడుకునే ముందు బొగ్గుపొడిని బంకమట్టితో పిసికి బిళ్లలు చేసి, వాటిని నిప్పు మీద పేర్చి, పైన బూడిద కప్పేది. పొద్దున బూడిద తీస్తే కింద ఎర్రటి నిప్పు కన్ను తెరిచేది. ఏడాదికి ఒకటి రెండుసార్లు అది ఆరిపోయేది. ఆ రోజు లింగయ్య చేతికి చిప్ప ఇచ్చి పక్కింటికి పంపేది. పక్కింటామె నాలుగు నిప్పులు వేసి, "ఏం రా, మీ ఇంట్ల నిప్పుకు కూడ గతి లేదా?" అని వీధంతా వినేట్టు అడిగేది. ఆ మాట లింగయ్య కడుపులో ముప్పై అయిదేళ్లుగా అరక్కుండా ఉంది. సముద్రాలు దాటినా, ఇంట్లో నిప్పు ఆరితే అతనికి ఇప్పటికీ చేతిలో చిప్ప ఉన్నట్టే ఉంటుంది.

చదువు పదో తరగతి దగ్గర ఆగింది. కరెంటు ప్లాంటులో బాయిలర్ దగ్గర పనికి చేరాడు. సర్టిఫికెట్ సంపాదించాడు. ఎవరో చెబితే కాగితాలు పెట్టుకుని 1999లో ఈ దేశం వచ్చాడు. రెండేళ్లు ఆపిల్ తోటల్లో నిచ్చెనలెక్కి, చివరికి ఈ ఊళ్లో ఉన్ని కడిగే మిల్లులో బాయిలర్ మనిషయ్యాడు. ఏడాదికోసారి క్రైస్ట్‌చర్చ్‌లో ఉగాది జరిగితే వెళ్లేవాడు. అక్కడి తెలుగువాళ్లు "మీరేం చేస్తుంటారండీ?" అని ఎంతో మర్యాదగా అడిగేవారు. బాయిలర్ అనగానే వాళ్ల చూపు అతని భుజం మీదుగా పులిహోర ట్రే వైపు జారేది. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఉద్యోగం, మంట ముందు నిలబడితే కాదు. లింగయ్య దీన్ని పట్టించుకున్నట్టు కనబడేవాడు కాదు. పులిహోర మాత్రం రెండుసార్లు వేయించుకునేవాడు.

మిల్లులో అతనికో పుస్తకం ఉండేది. రోజూ పొద్దున పెద్ద గొట్టం చూసి అందులో పొగ సంగతి రాయాలి. అయిదేళ్లుగా అతను ఒకటే మాట రాశాడు. "పొగ: లేదు." అదే అతని పద్మశ్రీ.

మళ్లీ షాపుకొద్దాం. అమ్మకాల మనిషి బ్రూస్, ఎర్రటి ముఖం, ఓపికమంతుడు. కట్టే, బొగ్గూ రెండూ మండే పొయ్యి చూపించాడు. మల్టీఫ్యూయెల్ అంటారు, జాబితాలో ఉంది అన్నాడు. లింగయ్య ముఖం వెలిగింది. బ్రూస్ ఊరుకోకుండా షరతులు చెప్పాడు. కట్టెలు రెండు వేసవులు ఎండినవే వాడాలి. బొగ్గంటే ఏ బొగ్గో కాదు, సంచుల్లో వచ్చే పొగరాని బిళ్లలే. గాలి రేకు పూర్తిగా మూసుకోదు, కావాలనే అలా చేశారు. పొగంటే మండకుండా పోయిన కట్టె, కాబట్టి ఎప్పుడూ చిన్నగా, చురుగ్గా మండించాలి. తెల్లారేదాకా మగ్గబెట్టకూడదు.

లింగయ్య తల ఊపాడు. చెవిన పడింది మొదటి ముక్కే. కట్టే, బొగ్గూ.

బ్రూస్ వెలిగించి చూపించాడు. పెద్ద కట్టెలు కింద, సన్నవి పైన, చిట్టచివర పుల్లలు. అగ్గిపుల్ల పైన అంటించాడు. మంట మెల్లగా కిందికి దిగింది.

"కింద ముట్టియ్యాలె గదా! వీనికి పొయ్యి ముట్టిచ్చుడు రాదు, మనకు నేర్పుతున్నడు," అని లింగయ్య తెలుగులో నవ్వాడు.

గిరిజ నవ్వలేదు. "దీపం లెక్క ముట్టిచ్చిండు," అని మాత్రం అంది. గాజులోంచి ఆ మంటని చాలాసేపు చూసింది. అందులో ఆమె కళ్లల్లో నీళ్లు తెప్పించేది ఏదీ కనబడలేదు.

అక్కడ చలి మొదలయ్యే జూన్‌లో పొయ్యి ఇంటికొచ్చింది. సాయంత్రాలు ఇల్లు వెచ్చగా ఉంది. లింగయ్య రాజులా గాజు ముందు కూర్చున్నాడు. చిక్కల్లా రాత్రి దగ్గరే. రేకుని ఎంత నెట్టినా వేలెడు సందు మిగిలేది. కట్టెలు కాలిపోయి పొద్దుటికి పొయ్యి చల్లగా ఉండేది. మూడు రోజులు ఓర్చుకున్నాడు. నాలుగో రోజు పని నుంచి వస్తూ, ఫోర్‌మన్‌ని అడిగి మిల్లు దొడ్లో రాలిన బొగ్గుపొడి రెండు బకెట్లు తెచ్చుకున్నాడు. పెరట్లో కూర్చుని తోటమట్టితో కలిపి బిళ్లలు తట్టాడు.

శరణ్య కిటికీ తెరిచి, అది పేడో మరేదోనని ముక్కు మూసుకుంది. "డాడీ, ఈజ్ దట్ పూ?"

"బంగారం బిడ్డా, నల్ల బంగారం. మీ నానమ్మ చేసేది."

"నానమ్మ మేడ్ పూ?"

"కిటికీ మూసుకో, సలి వస్తది."

గిరిజ బట్టలు మడత పెడుతూ చూసింది. "ఆ బ్రూస్ వద్దన్నది గదే కదనయ్యా?"

"బ్రూస్ పుట్టకముందే మా అవ్వ నిప్పు దాసింది. వాళ్లు రేకు మూయనియ్యకపోతే ఏమాయె, నేను నిప్పునే మూస్త."

మూశాడు. నిప్పు మీద బిళ్లలు, బిళ్లల మీద బూడిద. పొద్దున అయిదింటికి డ్యూటీకి పోయే ముందు బూడిద కదిపి చూస్తే కింద ఎర్రగా కన్ను తెరిచింది. లింగయ్య ఒళ్లు పులకరించింది. ఇంట్లో వాళ్ల కోసం ఇంకో నాలుగు బిళ్లలు పేర్చి, మళ్లీ కప్పి, ఈల వేసుకుంటూ చీకట్లో పనికి పోయాడు. ఇలా మూడు వారాలు గడిచాయి. చీకట్లో పోయేవాడికి తన ఇంటి గొట్టం ఎలా ఉందో ఎలా తెలుస్తుంది? గిరిజా పొద్దున ఆరింటికే హోమ్‌కి పోయేది. శరణ్య ఆకాశం వైపు చూసే వయసులో లేదు.

జూలైలో ఒక పొద్దున, మంచు తెల్లగా పేరుకుని గాలి అనేది లేని రోజు, ఫోర్‌మన్ గ్రాహం బాయిలర్ గదిలోకి వచ్చాడు. ఎవరో ముసలావిడ మిల్లుకి ఫోన్ చేసిందట. ఆరేసిన తెల్ల దుప్పట్ల మీద నల్ల మచ్చలు పడుతున్నాయట. "మన గొట్టమేనా, లింగ్?" అని అడిగాడు. ఊళ్లో అందరికీ అతను లింగ్.

లింగయ్యకి ఒళ్లు మండింది. అయిదేళ్ల పుస్తకం, అన్ని పేజీల్లో "లేదు" అని రాసి ఉంటే, తన గొట్టాన్ని అంటారా! పుస్తకం గ్రాహం చేతిలో పెట్టి, ఇనప నిచ్చెన ఎక్కి గొట్టం పక్కనున్న మంచె మీద నిలబడ్డాడు. మిల్లు గొట్టంలోంచి వేడిగాలి అలలా వణకడం తప్ప ఏమీ లేదు. ఊరివైపు తిరిగాడు. వందల రేకుల కప్పులు ఎండలో మెరుస్తున్నాయి. అన్ని గొట్టాలూ శుభ్రంగా ఉన్నాయి. స్కూల్ మైదానం వెనక వరసలో ఒకే ఒక్క ఇంటి నుంచి మాత్రం, ఎవడో కంబళి విప్పుతున్నట్టు, మందంగా పొగ లేస్తోంది.

"దొరికినవ్ రా!" అన్నాడు లింగయ్య.

తన ఇంటిని అతను ఎప్పుడూ వీధివైపు నుంచే చూశాడు. ఆకాశం నుంచి, వెనకవైపు నుంచి చూసిన పాపాన పోలేదు. పైగా, ఊళ్లో నిప్పు తెలిసిన ఇల్లు ఒకటుంటే అది తనదేనని అతనికి అనుమానం లేదు.

కిందికి దిగి, గోడ మీద అంటించిన కౌన్సిల్ నంబరుకి ఫోన్ చేశాడు. అవతల అమ్మాయి రాసుకుంటుంటే, ఆమెకి చెయ్యి నొప్పి పుట్టేదాకా చెప్పాడు. గ్రాహం పక్కనే నిలబడి మెచ్చుకోలుగా విన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి లింగయ్య ఇల్లు చేరేసరికి వాకిట్లో కౌన్సిల్ కారు ఉంది. లోపల గిరిజ, చేతిలో కాగితాలతో ఒక కుర్ర ఆఫీసరమ్మ, చేతిలో దుప్పటితో పక్కింటి మార్గరెట్. దుప్పటి మీద నల్ల చుక్కలు.

"నేను మిల్లు అనుకున్నాను లింగ్," అంది మార్గరెట్ నొచ్చుకుంటూ. "మీరు కొత్త పొయ్యి కొన్నారు కదా, మీదని ఎలా అనుకుంటాను?"

ఆఫీసరమ్మ కాగితం చదివింది. స్కూల్ వెనక వరస, ఎర్ర కప్పు. పొగ రంగు, పసుపు కలిసిన బూడిద. గాలి చాలక మగ్గుతున్న బొగ్గు, రాత్రి కప్పిపెట్టిన నిప్పు. ఇంటివాడికి నిప్పంటే ఏమిటో తెలియదు, బొత్తిగా మొద్దు మనిషి, అతని చేతికి అగ్గిపెట్టె ఇవ్వకూడదు.

రెండో వాక్యం దగ్గరే లింగయ్య కుర్చీ కోసం చూశాడు. నాలుగో వాక్యానికి కూర్చున్నాడు.

"చెప్పినది ఎవరో పేరు బయటపెట్టకూడదు," అంది ఆఫీసరమ్మ. "కానీ చాలా తెలిసిన మనిషి. ఒక్క చూపుకే అన్నీ చెప్పేశారు. ముప్పై ఏళ్ల అనుభవమట."

గిరిజ భర్త వైపు తిరిగింది. ఆమె పెదవి కొస కదిలింది, మళ్లీ ఆగింది. తెలుగులో నెమ్మదిగా అడిగింది. "ఎవరయ్యా ఆ మొద్దు మనిషి?"

"గిరిజా..."

"కాదు, అగ్గిపెట్టె ఇయ్యొద్దన్నడట. బాగ తెలిసినాయన."

లింగయ్య లేచాడు. మాటంటే మాట. తువ్వాలు రెండు చేతులకీ చుట్టుకున్నాడు, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు, పట్టుకుని లేపబోయాడు. పోతపోసిన ఇనుము. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అతని మెడ నరాలు మాత్రం ఉబ్బాయి. మార్గరెట్ దుప్పటి గుండెలకి హత్తుకుంది. ఇదేదో వాళ్ల దేశపు ఆచారమనుకుని ఆఫీసరమ్మ మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేసింది.

"చాల్చాలు, ఇడువు. నడుం పోతది, మళ్ల నేనే కాపడం పెట్టాలె," అంది గిరిజ. "జరుగు."

ఆమె బిళ్లలన్నీ పారతో బకెట్‌లోకి ఎత్తి బయట పెట్టింది. షెడ్డు లోపలి నుంచి ఎండిన పైన్ కట్టెలు తెచ్చింది. లావువి కింద, సన్నవి పైన, పుల్లలు చివర. అగ్గిపుల్ల గీసి పైన అంటించింది. గొట్టం ఊదలేదు, కళ్లు తుడుచుకోలేదు. కాసేపటికి మంట నిలకడగా కిందికి దిగింది. అందరూ పెరట్లోకి పోయి తలలెత్తి చూశారు. గొట్టం పైన ఉత్త ఆకాశం. ఆఫీసరమ్మ కాగితం మీద ఏదో రాసి, ఈసారికి హెచ్చరికతో సరిపెడతానని వెళ్లిపోయింది.

"కంప్లైంట్ వచ్చింది. పందెం ఓడినవ్," అంది గిరిజ లోపలికొచ్చాక.

"ఓడిన." లింగయ్య మంట వైపే చూస్తున్నాడు. "హీట్ పంప్ వానికి ఎప్పుడు ఫోన్ చేస్తవ్?"

గిరిజ కూడా మంటనే చూస్తోంది. తన చేత్తో వెలిగించిన మంట, తనని ఏడిపించని మంట, బహుశా ఇదే మొదటిది.

"పొయ్యి ఉండనీ," అంది. "గని ఇది నాది. ముట్టిచ్చేది నేను. నువ్వు కట్టెలు కొట్టు, బూడిద ఎత్తు. ఆ బిళ్లల మాట ఎత్తితే నిన్నే బయట పెడ్త."

"రాత్రి ఆరిపోతది కదనే?"

"ఆరితే ఆరనీ."

"పొద్దున మళ్ల?"

"ఇరవై అగ్గిపెట్టెలున్నయి ఇంట్ల. చిప్ప పట్టుకొని నువ్వేం మార్గరెట్ ఇంటికి పోవాల్సిన పని లేదు."

మర్నాడు వెలుతురు రాగానే లింగయ్య మిల్లు నిచ్చెన ఎక్కాడు. ఇప్పుడు ఆ కప్పు ఏదో తెలుసు. ఎంత చూసినా గొట్టం మీద ఏమీ లేదు. నిప్పు ఆరిందేమో అనుకున్నాడు. ఆరోజు గిరిజకి సెలవు. దిగి ఫోన్ చేశాడు.

"ఏందే, ఏం కనబడతలేదు. ముట్టిచ్చినవా?"

"గంటయింది ముట్టిచ్చి."

"మరి కనబడదేంది?"

"ఏమోనయ్యా. మిల్లుల ఎవడో బాయిలరాయన ఉన్నడట, కనబడితే కంప్లైంట్ ఇస్తడట," అని ఫోన్ పెట్టేసింది.

లింగయ్య పుస్తకం తెరిచి ఎప్పటిలాగే ఇంగ్లీషులో "పొగ: లేదు" అని రాశాడు. దాని కింద తెలుగులో ఇంకో వరస కలిపాడు. "ఇంటి పొగ: లేదు." గ్రాహం వచ్చి, ఆ గుండ్రటి అక్షరాల వైపు కళ్లు చికిలించి చూసి, లింగ్ రాశాడంటే సరిగ్గానే ఉంటుందని కింద సంతకం పెట్టాడు. ఆ చలికాలమంతా రోజూ పెట్టాడు.