శామ్యూల్ గారి వంతు

పని మీద రాజమండ్రి వెళ్లినప్పుడు, నేను దిగిన లాడ్జి పక్క మేడ మీద జాజ్ క్లబ్బు ఉందంటే నమ్మలేదు. మా ఆదిలాబాదులో జాజ్ అంటే నాకు ఫోన్లో వినేదే. ఆదివారం మధ్యాహ్నం మెట్లెక్కి చూస్తే ఐదారుగురున్నారు. కొందరు చర్చిలో వాయించేవాళ్లు, కొందరు పెళ్లి బ్యాండువాళ్లు.

జాజ్‌లో ఒక్కొక్కరూ తమ వంతు రాగానే ముందుకొచ్చి వాయించాలి. వీళ్ల మర్యాదతో అదే చిక్కు. "ముందు మీరు కానివ్వండి", "అబ్బే, మీరుండగా నేనేంటండి" అనుకోవడంలోనే సగం పాట అయిపోతోంది. నాకు నవ్వాగలేదు.

చివరికి అందరూ మూలనున్న పెద్దాయన వైపు తిరిగారు. ఒళ్లో శాక్సాఫోన్ పెట్టుకున్న శామ్యూల్ గారు. మిగతా వాద్యాలు ఆగిపోయి, డ్రమ్ము ఒక్కటే మెల్లగా నడుస్తోంది. ఆయన వేళ్లు మీటల మీద కదులుతున్నాయి గానీ శాక్సాఫోన్ నోటి దాకా రాలేదు. పాట అయిపోయిందనుకుని నేను చప్పట్లు కొట్టబోయాను. పక్కనున్న గిటారు మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగండి, ఆయన వాయిస్తున్నారు. గుండె ఆపరేషనయ్యాక డాక్టరు ఊదొద్దన్నారండి. అలాగని వంతు తీసేస్తామా ఏంటి?"

ఆ వేళ్లు ఆగేదాకా ఎవరూ కదల్లేదు. ఆగాక మాస్టారు, "బాగుందండి" అన్నారు.

శామ్యూల్ గారు తల అడ్డంగా ఊపారు. "లేదండి. మధ్యలో కాస్త పరిగెత్తేశాను."

"అవునండి," అన్నాడు డ్రమ్ములాయన చెమట తుడుచుకుంటూ. "మిమ్మల్ని అందుకోడానికి నానా తంటాలు పడ్డాను."