గన్‌మెటల్ బుష్‌లు, జెండా స్తంభాలు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, దుర్గాపూజ సెలవులు అయిన వారం, నన్ను ఖరగ్‌పూర్ తనిఖీకి పంపారు. అప్పుడు నేను కోల్‌కతాలో ఎగుమతి లైసెన్సుల కార్యాలయంలో అసిస్టెంట్ డైరెక్టర్‌ని. ఆయుధ నిషేధం ఉన్న దేశానికి సరుకు వెళ్తుంటే, అది యుద్ధానికి పనికిరాదని తేల్చుకున్నాకే మేం అనుమతి ఇవ్వాలి.

అలాంటి ఒక దేశానికి సరుకు పంపుతున్నది అప్పలనరసమ్మ గారు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఇనప సామాన్ల కొట్టు, అక్కడే ఝపటాపూర్‌లో లోహాలు పోతపోసే చిన్న ఫౌండ్రీ ఆవిడవి. అక్కడి ఒక మునిసిపాలిటీ నీటి పంపుల ఇరుసులకు తొడిగే గన్‌మెటల్ బుష్‌లు, అదే దేశంలో ఇంకొక కొనుగోలుదారుకు జెండా స్తంభాలు. ‘గన్’ అన్న మాట చూడగానే మా డైరెక్టర్ ఫైలు ఆపేశారు. అది రాగి, తగరం కలిపిన లోహమని, పూర్వం దానితో ఫిరంగులు పోతపోసేవారు కాబట్టి ఆ పేరు మిగిలిందని చెప్పాను. “అయితే ఫిరంగులే కదా!” అన్నారాయన. ఆవిడలాగే తెలుగువాడినని నన్నే వెళ్లమన్నారు.

ఫౌండ్రీలో ఆవిడ ఒక బుష్ తెచ్చి నా అరచేతిలో పెట్టారు.

“ఇందులో తుపాకీ ఏటున్నాది బాబూ? ఇసిరితే కుక్క కూడా కదల్దు. అక్కడ ఓడ ఎల్లిపోతాది, ఇక్కడ నా సరుకు సిలుమెక్కిపోతాది!”

నవ్వాపుకుంటూ టీ అందుకుని, నేను దేని మీద కూర్చున్నానో అప్పుడు చూశాను. జెండా స్తంభాల దొంతర. మందపాటి ఉక్కు గొట్టాలు, నిలబెడితే నా ఛాతీ దాకా రావు. ఒక చివర మర మూత. లోపల వేలు పెడితే అద్దమంత నునుపు.

“జెండా ఎగిరేది బయట కదమ్మా, లోపలెందుకింత నునుపు?” అన్నాను.

“నానూ అడిగినాను బాబూ. ఆళ్ల దేశంలో అలాగే కడతారట. ఆళ్ల దేశభక్తి మనకెందుకని ఊరుకున్నాను.” నా మొహం చూసి ఆగారు. “ఏటైనాది?”

అవి మోర్టార్ గొట్టాల్లా ఉన్నాయని, పైనుంచి గుండు జారవిడిస్తే అది ఎగిరి దూరాన పడి పేలుతుందని చెప్పాను. ఆవిడ కూడా అలాంటి దొంతర మీదే కూర్చుని ఉన్నారు. ఇద్దరం ఒకేసారి లేచాం.

మా సాంకేతిక కమిటీ నా అనుమానం నిజమేనంది. ఎవరు, దేనికి వాడతారో రాసిమ్మని అడిగితే స్తంభాలు కొంటున్నవాళ్ల నుంచి జవాబు రాలేదు. బుష్‌లకు అనుమతి ఇచ్చాం. గొట్టాలను అప్పలనరసమ్మ గారు, బాగా దూరంగా నిలబడి, గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేయించారు. గన్‌మెటల్ మీద తమ అనుమానమే నిజమైందని డైరెక్టర్ గారు ఫైల్లో రాసుకున్నారు.

సరుకుకు పేరు పెట్టేది కొనేవాడు. లైసెన్సు ఇచ్చేవాడు చూడాల్సింది ఆ సరుకు చేయగల పని. ఆ తర్వాత అనుమానం ఉన్న ఏ సరుకునూ కంట చూడకుండా నేను సంతకం పెట్టలేదు.