చీటీ తీసేదాకా ఎవరిదీ కాని ఇల్లు

కిరందుల్‌లో గని ఉద్యోగం ఉన్నంతకాలమే క్వార్టరు. నాకు ఇంకా పద్నాలుగు నెలల సర్వీసు ఉంది. నాతో పాటు రిటైరయ్యే పదిమందితో కలిసి సొంతంగా హౌసింగ్ సొసైటీ పెట్టుకుందామనుకున్నాం. ఇళ్ల స్థలాల నక్షా గీసింది నేనే. దాని మీదే మూడు సమావేశాలు చెడిపోయాయి. తూర్పు మూల స్థలం అందరికీ కావాలి. నాక్కూడా. ఇంకోసారి పోట్లాడితే ఎవరి దారి వారిదేనని అందరికీ తెలుసు. బీజాపూర్‌లో పన్నెండు కుటుంబాలు ఇలాగే కలిసి ఇళ్లు కట్టుకున్నాయని విని, వాళ్లెలా పంచుకున్నారో చూద్దామని ఒక ఆదివారం బయల్దేరాను.

ఉదయం ఆరింటి బస్సెక్కితే బచేలి, దంతెవాడ మీదుగా గీదం చేరేసరికి ఎనిమిది దాటింది. అక్కడ అటుకుల పోహా తిని బీజాపూర్ బస్సు మారాను. రెండు టిక్కెట్లూ కలిపి రెండు వందల లోపే. పదకొండింటికి బస్టాండులో దిగి, తెలుగు వినబడిన ఆటో ఎక్కాను. డ్రైవరు పేరు నర్సయ్య.

"సొసైటీ ఇండ్లకా? నేనూ ఆడనే ఉంటా. ఏంది సార్, కొనతానికొచ్చిండ్రా? బయటోళ్లకు అమ్మరు."

"చూడటానికే."

"చూస్తానికైతే పైసల్లేవు. ఆటోకే ఇరవై."

రెండు వరుసల్లో పన్నెండు రేకుల ఇళ్లు. స్థలం, ఇళ్లు అన్నీ సొసైటీ పేరునే ఉన్నాయి, కుటుంబానికొక వాటా. నాలుగో ఇంటి ముందు మాత్రం ఆటో ఎక్కేంత వెడల్పున సిమెంటు వాలు ఉంది. దాని మీద చింతపండు ఎండుతోంది. ఆ ఇల్లు, గుమ్మంలో కూర్చున్న మల్లమ్మది. ఆమె బడిలో వంట చేస్తుంది, సొసైటీకి కార్యదర్శి కూడా. ఆమెకు ఆటో లేదు. అడగాలా వద్దా అని నేను ఆ వాలునే చూస్తుంటే ఆమె నవ్వింది.

"మా నర్సన్న కట్టిండన్నా. ఇండ్లన్నీ అందరం కలిసి కట్టాలె, కప్పులు పడ్డంకనే చీటీలు తియ్యాలె అనుకున్నం. ఈయనేమో రోడ్డు పక్కది నాదేనని ఖాయం చేసుకున్నడు. చీటీ నాకొచ్చింది."

"నాకు పదకొండోది. ఆడ ఆటో తిరగది," అన్నాడు నర్సయ్య.

"మరి రోజూ ఈడ పెడతలేవా? చింతపండు తియ్యంగనే పెట్టుకో, ఎవరొద్దన్నరు?"

"ముందే పంచుకుంటే ఈ తిప్పలు ఉండవు కదా?" అని అడిగాను.

"ముందే పంచితే ఎవరి గోడ వాళ్లు మంచిగ కడ్తరు. పక్కోని గోడల ఇసుకెక్కువైతది. ఎవరిదో తెల్వకపోతె అన్నీ మంచిగనే లేస్తయన్నా."

పదకొండో ఇంటికి వెళ్లి గోడ తట్టి చూశాను. గట్టిగా ఉంది. వెనకే వచ్చిన నర్సయ్య, "ఇది గూడ నేనే పూసిన సార్. నాదని తెల్వకనే," అన్నాడు.

మూడింటి బస్సులో, వెంట తెచ్చుకున్న నక్షా విప్పాను. తూర్పు మూల గడిలో నా పేరు గీసిన రోజే పెన్సిలుతో చిన్నగా రాసుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నర్సయ్య వాలు కట్టాడు, నేను పేరు రాశాను, అంతే తేడా. గీదం రాకముందే చెరిపేశాను. మరుసటి ఆదివారం ఖాళీ గడులతో నక్షా పరిచి, బీజాపూర్ పద్ధతి చెప్పాను. పదిమందీ చీటీలకే ఒప్పుకుని కాగితం రాశారు. దాని మీద మొదటి సంతకం నన్నే పెట్టమన్నారు.

ఇలాంటి పని మీద వెళ్లేవారు మీ నక్షా వెంట తీసుకెళ్లండి. పెన్సిలుతో గీసినదే తీసుకెళ్లండి.